రిలాక్సేషన్ అక్క

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఎవరినైనా ఆపి ఆవిడ పేరు అడిగితే తల గోక్కుంటారు. రిలాక్సేషన్ అక్క అంటే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆవిడ దాకా అందరూ చెయ్యెత్తి ఆ మూల గది చూపిస్తారు. కొత్తగా చేరిన ఆడపిల్లలు ఆ పేరు వినగానే కిసుక్కున నవ్వుతారు. పనిచేసే చోట రిలాక్సేషన్ ఏమిటి, దానికి మళ్ళీ జీతం ఏమిటి అని వాళ్ళ సందేహం. ఇలాంటి సెక్షన్ ఒకటుందని ఇంటర్వ్యూలో మాకెవరూ చెప్పలేదే అని ఒకమ్మాయి ముక్కున వేలేసుకుంటే, "చెబితే మీరంతా ఇక్కడికే వచ్చి పడతారనే చెప్పలేదు" అంది అక్క, నవ్వకుండా.

నిజానికి అక్కడ రిలాక్స్ అయ్యేది మనుషులు కాదు, గుడ్డ. మిల్లు నుంచి బనియన్ గుడ్డ రోళ్ళుగా వస్తుంది. చుట్టే మిషను దాన్ని సాగదీసి బిర్రుగా చుడుతుంది. ఆ బిగువు మీదే కత్తిరించి కుట్టేస్తే చొక్కా చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, కొనుక్కున్నవాడు ఒక్కసారి ఉతికేసరికి బొడ్డు దాటి పైకెక్కి కూర్చుంటుంది. అందుకని ముందు రోలు విప్పుతారు. గుడ్డని మడతలు మడతలుగా వదులుగా చెక్క అరల్లోకి జారవిడిచి, ఒక పగలూ ఒక రాత్రీ దాని మానాన దాన్ని వదిలేస్తారు. మీద బరువు పెట్టకూడదు, లాగకూడదు, ముడత కనిపించింది కదా అని చేత్తో సవరించకూడదు. ఎవరూ ముట్టుకోకపోతే అదే మెల్లగా దగ్గరికి ముడుచుకుని తన అసలు కొలతకి వస్తుంది. కటింగు టేబుల్ ఎక్కడం ఆ తర్వాతే.

ఒకసారి ఆఫీసువాళ్ళకి భాషాభిమానం పొంగుకొచ్చి, ఆ గది తలుపు మీద "సడలింపు విభాగం" అని రంగుతో రాయించారు. సడలింపు అంటే కర్ఫ్యూకీ, ఉద్యోగాల వయసుకీ గానీ గుడ్డకి ఏమిటి అని కటింగు మాస్టరు పడీ పడీ నవ్వాడు. గేటు దగ్గర రోజూ ఆలస్యమై చివాట్లు తినే ఒకావిడైతే, తనకేమైనా సడలింపు ఇస్తారేమోనని అడగడానికి నిజంగానే వచ్చేసింది. అక్క ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "ఇక్కడ గుడ్డకి తప్ప ఇంకెవరికీ సడలింపు లేదమ్మా, నాక్కూడా" అని చెప్పి పంపించింది. కొన్నాళ్ళకి రంగు వెలిసిపోయింది. ఆ మాట కూడా దాంతోపాటే పోయి, పాత రిలాక్సేషనే మిగిలింది.

అక్క మొదట్లో కుట్టు మిషను మీద చొక్కాలకి చేతులు అతికించే పని చేసేది. మెడ పట్టేసి, వేళ్ళు తిమ్మిరెక్కి మిషను మీద కూర్చోలేకపోయిన రోజుల్లో ఆవిడని ఈ గదిలో పడేశారు. పడేశారు అనే అనుకున్నారు అందరూ. ఆవిడకి మాత్రం అక్కడ ప్రాణం లేచొచ్చింది. గదిలోకి చెప్పులతో రానిచ్చేది కాదు, గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. "గుడ్డకి చెవులున్నాయా అక్కా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "లేవని నీతో చెప్పిందా?" అనేది. తొందరపడి ముందే గుడ్డ ఎత్తుకుపోవడానికి కటింగు మాస్టరు వస్తే ఇద్దరికీ ఠారెత్తిపోయే పోట్లాట జరిగేది. ఆ పోట్లాటల్లో కొన్ని ఆవిడ గెలిచింది, కొన్ని ఓడిపోయింది. గెలిచిన రోజు ఇంటికొచ్చి మొగుడికి పూసగుచ్చినట్టు చెప్పేది.

ఆ మొగుడు బస్సు డ్రైవరు. మంచివాడే గానీ, ఒళ్ళంతా బిగదీసుకుని బతికిన మనిషి. అన్నం ముందు కూర్చున్నా భుజాలు దించడు, పెళ్ళిలో కూర్చున్నా కుర్చీ అంచునే కూర్చుంటాడు. తెల్లారకముందే డ్యూటీ కాబట్టి అలారం మోగకముందే లేచి అలారం ఆపేసేవాడు. భార్య లేచి చూసేసరికి స్నానం చేసి, తల దువ్వుకుని నిలబడి ఉండేవాడు. "లేచారా?" అంటే, "ఎప్పుడో లేచాను" అనేవాడు, అదేదో పందెం గెలిచినట్టు. నిద్రలో కూడా ఆయన కుడికాలు ఊరుకునేది కాదు. ఉన్నట్టుండి మంచం కోడుని ఒక్క తన్ను తన్నేది, ఎదురుగా ఎవరో అడ్డం వచ్చినట్టు. బ్రేకు వేశారు అని ఆవిడ చీకట్లోనే నవ్వుకుని, ఆ కాలు మీద చెయ్యి వేసి నిమిరేది. పెళ్ళయిన కొత్తలో భయపడింది, తర్వాత అలవాటైంది. ఆ తన్ను లేని రాత్రి ఆవిడకి గుర్తులేదు.

అలాంటి మనిషి రిటైరయ్యాడు. రిటైరైన మనిషికి లోకమంతా ఒకటే మాట చెబుతుంది: ఇక హాయిగా రిలాక్స్ అవ్వండి. దండ వేసిన ఆఫీసరు అదే అన్నాడు, పక్కింటాయన అదే అన్నాడు, కూతురు ఫోన్‌లో అదే అంది. ఎలా అవ్వాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆయన పాత వేళకే లేచి, ఖాకీ చొక్కా తొడుక్కోబోయి ఆగి, కాసేపు వీధిలో నిలబడి, డిపో దాకా నడిచి, గేటు బయట నిలబడి వచ్చేవాడు. ఇంట్లో ఉంటే కుళాయిలు విప్పి బిగించేవాడు, బాగున్న ఫ్యాను ఊడదీసేవాడు. వంటింట్లో డబ్బాలన్నీ సర్దితే ఉప్పు దొరక్క ఆవిడ కంట నీళ్ళొచ్చాయి.

"మీరు కాసేపు కుదురుగా కూర్చోలేరా?"

"కూర్చుని ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యొద్దు. అదే చెప్పేది. రోలు విప్పిన గుడ్డ ఏం చేస్తుంది? ఊరికే ఉంటుంది."

"నేను గుడ్డనా?" అన్నాడాయన, కొంచెం నొచ్చుకుని.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. ఆ తర్వాత ఒక రోజు ఆవిడ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఆయన కిటికీ పక్క కుర్చీలో నిద్రపోతున్నాడు. పగటి నిద్ర! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పగలు కన్నుమూయడం అదే మొదటిసారి. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా లోపలికి వెళ్ళింది. మర్నాడూ అంతే. ఆ పై వారం అలారం మోగి మోగి ఆగిపోయింది, ఆయన లేవలేదు. ఆవిడ మనసులో మొక్కని దేవుడు లేడు. ఫ్యాక్టరీకి వెళ్ళి, "మా ఆయనకి ఇన్నాళ్ళకి బిగువు వదులుతోందే" అని అందరికీ చెప్పుకుంది. కటింగు మాస్టరు, "అయితే త్వరలో కత్తెర పడుతుందన్నమాట" అని హాస్యమాడాడు. అందరితోపాటు ఆవిడా నవ్వింది.

ఆయన డబ్బాలు సర్దడం మానేశాడు. పేపరు ఒళ్ళో పెట్టుకుని అదే పేజీ చూస్తూ కూర్చునేవాడు. అడిగినదానికి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చేది. నడక నిదానించింది. పదిసార్లు పిలిస్తే పలికే మనిషిని ఆవిడ అసలు పిలవడమే తగ్గించింది. మిక్సీ వేయాల్సి వస్తే పక్కింటికి వెళ్ళి వేసుకొచ్చేది. పాలవాడికి గంట కొట్టొద్దని చెప్పింది. ఎవరైనా పలకరించడానికి వస్తే గుమ్మంలోనే మాట్లాడి పంపేసేది. రాత్రిళ్ళు కుడికాలు మంచం కోడుని తన్నడం కూడా ఆగిపోయింది. మొదటి రాత్రి ఆవిడ ఆ కాలి మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఎదురుచూసింది. కాలు కదల్లేదు. మెత్తగా, బరువుగా పడి ఉంది. బస్సు దిగాడు మహానుభావుడు, అనుకుంది. సంతోషంతో ఆవిడకే నిద్ర పట్టలేదు.

కూతురు అదే ఊళ్ళో ఇంకో చివర కాపురం ఉంటుంది, బడిలో లెక్కలు చెబుతుంది. సెలవు రోజున వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుని ఏవో కబుర్లు చెప్పింది. ఆయన నవ్వుతూ విన్నాడు. మధ్యలో, "నువ్వెప్పుడొచ్చావమ్మా?" అన్నాడు. కూతురు లేచి వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నాన్న బాగాలేరు."

"భేషుగ్గా ఉన్నారు. నీ కళ్ళకే ఆయన పరుగెత్తడం అలవాటు."

"మాటలు తగ్గిపోయాయి. చెంచా సరిగ్గా పట్టుకోవట్లేదు, చూశావా? ఒకసారి డాక్టరుకి చూపిద్దాం."

"మీ నాన్నకి డాక్టరంటే ఎంత కంగారో నీకు తెలీదా? ఇప్పుడిప్పుడే ఆయన ఒంటికి నెమ్మది వచ్చింది. మళ్ళీ సూదులూ పరీక్షలూ అని బిగుసుకుపోయేలా చెయ్యకు." ఆవిడ గొంతు తగ్గించి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది: "గుడ్డ కూడా ముందు ఇలాగే చిన్నదైపోతుందే. చూసేవాళ్ళకి పాడైపోయినట్టు కనిపిస్తుంది. కాదు. అదే దాని అసలు కొలత. మనం లాగి చూసిందే అబద్ధం."

"నాన్న గుడ్డ కాదమ్మా!"

"అరవకు. లేస్తారు."

కూతురు బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఫోన్ చేసి ఇదే అడిగింది. ఆవిడ ఇదే చెప్పింది. ఆవిడ మొండిది కాదు, తెలివితక్కువదీ కాదు. బతుకంతా ఒక్క సంగతి కళ్ళారా చూసిన మనిషి: ముట్టుకోకుండా వదిలేస్తే బాగుపడుతుందని. మొగుడి మీద ఉన్న ప్రేమంతా ఆ వదిలేయడంలోనే పెట్టింది. దాన్ని తప్పని ఎవరనగలరు? నేననలేను. కానీ తప్పే.

ఒక సాయంత్రం ఆవిడ వచ్చేసరికి ఆయన కుర్చీలో ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పొద్దున ఆవిడ ఇచ్చి వెళ్ళిన టీ గ్లాసు కింద పడి, టీ ఎండిపోయి నేల జిగురుగా ఉంది. ఆవిడ అలవాటు ప్రకారం చప్పుడు చేయకుండా తడిగుడ్డ తెచ్చి, నేల తుడిచి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగింది. అన్నం ఉడికాక వచ్చి మెల్లగా భుజం తట్టింది. లేవలేదు. గట్టిగా తట్టింది. నోటి పక్క నుంచి చొంగ కారి చొక్కా తడిసి ఉంది. అప్పుడు ఆవిడ అరిచిన అరుపుకి పక్కింటాయన గోడ దూకి వచ్చాడు. ఆయన కార్లోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

తలకి ఫోటోలు తీశారు. డాక్టరు తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరింది. ఒక్కసారిగా కాదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా ఊరింది. పెద్ద వయసులో తలకి చిన్న దెబ్బ తగిలినా ఇలా అవుతుంది, తగిలిన సంగతి వాళ్ళకే గుర్తుండకపోవచ్చు. మాట తగ్గడం, కుడి వైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మత్తుగా నిద్ర, ఇవన్నీ దాని గుర్తులే.

"ఇంత నిద్ర పోతుంటే మీకు అనుమానం రాలేదా అమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు, తెలుసుకోవడానికే అడిగాడు.

"రిలాక్స్ అవుతున్నారనుకున్నానండీ."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "త్వరగా వచ్చినవాళ్ళు చిన్న ఆపరేషన్‌తో లేచి నడుచుకుంటూ వెళ్ళిపోతారు. ఇప్పుడు కూడా చేస్తాం. ప్రాణానికి పరవాలేదనుకుంటున్నా. మిగతాది ఎంత తిరిగొస్తుందో చెప్పలేను" అన్నాడు.

కూతురు తల్లి వంక చూడలేదు. చూసి నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల తల్లికి టిఫిన్ తెచ్చింది, దుప్పటి కప్పింది, మందులు తెచ్చింది, ఒక్క మాట అనలేదు. చివరికి ఆవిడే ఉండబట్టలేక వరండాలో కూతురి చెయ్యి పట్టుకుంది.

"అనేసెయ్యవే. నువ్వు చెప్పావు, నేను వినలేదు. అనేసెయ్."

"అంటే నాన్న లేస్తారా?" అంది కూతురు. అని, తల్లి భుజం మీద పడి భోరుమంది. ఇద్దరూ అక్కడే నిలబడి ఏడ్చారు. పక్కనుంచి మంచాలు తోసుకుపోతున్నవాళ్ళు, జరగండమ్మా జరగండి అంటే గోడకి జరిగి మరీ ఏడ్చారు.

ఆయన ప్రాణంతో ఇంటికొచ్చాడు. కుడికాలు ఈడుస్తాడు. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంటుంది. మాటలు చాలావరకు పోయాయి. నీళ్ళు కావాలంటే గోడ అంటాడు. తను అన్నది తప్పని తెలిసి సిగ్గుపడతాడు, ఆ సిగ్గు చూడ్డం అన్నిటికంటే కష్టం. ఆవిడ ఉద్యోగం మానేసింది. ఆఖరి రోజు ఆడపిల్లలందరూ గేటు దాకా వచ్చారు. కటింగు మాస్టరు ఎటో చూస్తూ నిలబడ్డాడు, కత్తెర పడుతుందని తను అన్న మాట ఆయనకింకా మింగుడుపడలేదు. వాళ్ళలో ఒకమ్మాయి ఏం మాట్లాడాలో తోచక, రిటైరయ్యేవాళ్ళతో అందరూ అనే మాటే, "ఇంక ఇంట్లో హాయిగా రిలాక్స్ అవ్వక్కా" అనేసి, నాలుక కరుచుకుంది. అక్క ఆ పిల్ల బుగ్గ తట్టింది.

వ్యాయామం చేయించే కుర్రాడు వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. ఆ పిడికిలి ఎలా తెరవాలో ఆవిడకి నేర్పాడు. ఒక్కో వేలూ మెల్లగా లాగాలి, లాగి పట్టుకోవాలి, వదిలితే మళ్ళీ ముడుచుకుంటుంది, మళ్ళీ లాగాలి.

"రోజూ ఇలా రిలాక్స్ చేయిస్తూ ఉండాలాంటీ" అన్నాడు.

"ఆ మాట అనకు బాబూ. వేరే ఏదైనా చెప్పు."

కుర్రాడు తికమకపడ్డాడు. "సడలించాలి అనుకోండి."

"అదీ వద్దు."

"మరేమనమంటారు?"

"తెరవమను. చాలు."

ఆవిడ రోజూ తెరుస్తుంది. ముట్టుకోకుండా వదిలేసిన మనిషిని ఇప్పుడు క్షణం వదలదు. చెయ్యి లాగుతుంది, కాలు వంచుతుంది, కుర్చీలోంచి లేపి నడిపిస్తుంది, ఇది ఏమిటి, అది ఏమిటి అని వస్తువులు చూపించి అడుగుతుంది. పాలవాడు గంట కొడతాడు, మిక్సీ ఇంట్లోనే బర్రుమంటుంది, రేడియో మోగుతూనే ఉంటుంది. ఆయన రెప్ప వాలిస్తే ఆవిడకి గుండె జారిపోతుంది. బాగా పడుకోనివ్వాలి, నిద్ర ఆయనకి మందులాంటిది అని డాక్టరు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. మెదడు మానడానికి విశ్రాంతి కావాలి, ఇప్పుడు భయం లేదు అని బొమ్మ గీసి చూపించాడు. ఆవిడకి అర్థమైంది. అర్థమవడం వేరు, కళ్ళెదుట ఆయన నిద్రలోకి జారుతుంటే చూస్తూ కూర్చోవడం వేరు. కూతురు వచ్చిన రోజుల్లో తల్లిని పక్క గదిలోకి పంపి, తలుపు దగ్గరేసి, తండ్రిని పడుకోబెడుతుంది. తల్లి తలుపుకి చెవి ఆనించి ఆయన ఊపిరి వింటూ నిలబడుతుంది.

మొన్న ఒక మధ్యాహ్నం కూతురు లేదు. అన్నం తినిపించి, మూతి తుడిచి, ఆవిడ మంచం పక్కన కుర్చీలో ఆయన వేళ్ళు తెరుస్తూ కూర్చుంది. ఆయన ఏదో చెప్పాలని పెదవులు కూడదీసుకున్నాడు. ఆవిడ ముందుకి వంగింది.

"నిద్ర... వస్తోంది" అన్నాడు.

తప్పు లేకుండా రెండు మాటలు, ఇన్ని నెలల్లో మొదటిసారి. కూతురికి ఫోన్ చేసి చెప్పాల్సిన సంగతి అది. ఆవిడ ఫోన్ ముట్టుకోలేదు, గబగబా పక్కనున్న దువ్వెన అందుకుంది.

"ఇప్పుడేం నిద్రండీ, ఇప్పుడే కదా తిన్నారు. ఇదుగో, ఇది చూడండి. ఇదేమిటి?"

ఆయన దువ్వెన వంక చూశాడు. "కిటికీ" అన్నాడు నీరసంగా. కళ్ళు మూతపడ్డాయి.

"సరే, కాసేపే" అంది ఆవిడ. తల కింద దిండు సర్దింది, కాళ్ళ మీద దుప్పటి కప్పింది. ఆయన మొహంలో ముడతలు మెల్లగా విడిపోయాయి. భుజాలు కిందికి దిగాయి. బతుకంతా ఆవిడ చూడాలనుకున్న మొహం అది. చూస్తూ కూర్చోవాలని నిజంగానే ప్రయత్నించింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, కుర్చీ అంచు పట్టుకుని, డాక్టరు గీసిన బొమ్మ గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంది. ఆయన ఊపిరి బరువెక్కింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచి ఆయన భుజం పట్టుకుని ఊపేసింది.

"ఏమండీ! ఏమండీ!"

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎర్రటి కళ్ళు, అలసిపోయిన కళ్ళు. ఆవిడని గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. గుర్తుపట్టాక ఆవిడ మొహంలో భయం చూశాడు, అది మాత్రం ఆయనకి తప్పు లేకుండా అర్థమైంది. విసుక్కోలేదు. ఎడమచేత్తో మంచం పట్టుకుని, ఒళ్ళంతా కూడదీసుకుని, తలెత్తి కూర్చోబోయాడు.

"లేచాను" అన్నాడు.